రౌతు కొద్దీ గుర్రం: మెడీవల్ 2లో భారీ అశ్వదళం గెలుపోటముల లెక్క

ఒక కంప్యూటర్ యుద్ధ గేమ్‌లో ఫ్రాన్స్ తరఫున ఆడుతున్న ఆటగాడు ఖజానా ఊడ్చి నాలుగు నైట్ల (కవచం తొడిగి గుర్రం మీద పోరాడే మధ్యయుగపు యూరప్ యోధుల) దళాలు పోగేస్తాడు. ఎదురుగా ఏదో ఇటలీ నగరం పంపిన ఈటెల మిలీషియా, అంటే నగరవాసుల కాలిదళం. ఖరీదులో గానీ, కవచంలో గానీ నైట్లకు సాటిరాని సైన్యం. ఆటగాడు శత్రువు మీద గబగబా రెండుసార్లు క్లిక్ చేస్తాడు. గుర్రాలు దౌడు తీస్తాయి, దుమ్ము లేస్తుంది. కాసేపటికి చూస్తే నైట్లలో సగం మంది నేల మీద పడి ఉంటారు, మిలీషియా వరుస మాత్రం చెక్కుచెదరదు. 'మెడీవల్ 2: టోటల్ వార్' ఆడే కొత్తవాళ్లలో చాలామందికి ఇది మొదటి పెద్ద షాక్. క్రియేటివ్ అసెంబ్లీ తయారుచేసిన ఈ గేమ్‌ను సెగా 2006 నవంబర్‌లో విడుదల చేసింది. 2022 ఏప్రిల్‌లో ఫోన్లకూ వచ్చాక పాత ప్రశ్న మళ్లీ మొదలైంది: ఇంత ఖరీదైన గుర్రాలు ఇంత తేలిగ్గా ఎందుకు చస్తున్నాయి?

క్లుప్తంగా: ఈ గేమ్‌లో భారీ అశ్వదళానికి పెట్టే డబ్బులో ఎక్కువ భాగం తాకిడికే, అంటే బల్లేలు దించి శత్రువును గుద్దే ఆ కొద్ది క్షణాలకే. మిగతా సమయమంతా అది ఖరీదైన, బరువైన, త్వరగా అలసిపోయే సైన్యం. ఒక దళం చచ్చేలోపు దాని నుంచి ఎన్ని మంచి తాకిళ్లు రాబట్టగలిగారన్నదే అసలు లెక్క. ఆర్డర్ ఇచ్చే తీరు, కొట్టే దిక్కు, వెనక్కి లాగే సమయం, కోటల్లో గుర్రపుశాలలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మరో యుద్ధ గేమ్ 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో నైట్‌కు తాకిడి అనేదే లేదు కాబట్టి అక్కడ లెక్క వేరు.

## గుద్దిన క్షణం, గుద్దిన తర్వాత

మెడీవల్ 2లో ప్రతి దళానికీ కొన్ని అంకెలుంటాయి. దాడి, చార్జ్ (దౌడుతో వచ్చి గుద్దడం) బోనస్, రక్షణ, మనోధైర్యం వాటిలో ముఖ్యమైనవి. ఇవన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌లోనే ఉంటాయి కాబట్టి మోడ్‌లు (గేమ్‌కు సొంత మార్పులు) చేసేవాళ్లు ఆ ఫైల్‌ను ఏళ్ల తరబడి తవ్వి చూశారు. భారీ అశ్వదళం విషయంలో అక్కడ కనిపించేది ఇది: నైట్‌కు రెండు ఆయుధాలు. ఒకటి బల్లెం, రెండోది కత్తో గదో. చార్జ్ బోనస్ పెద్దది బల్లేనికే. అది కూడా వేగంతో వచ్చి గుద్దినప్పుడు, కాసేపు మాత్రమే కలుస్తుంది.

గుద్దిన తర్వాత గుర్రం ఆగిపోతుంది. రౌతు బల్లెం వదిలి రెండో ఆయుధం తీస్తాడు. అప్పటి నుంచి అతను గుర్రం మీద కూర్చున్న ఒక కత్తివీరుడు, అంతే. మంచి కవచం ఉంటుంది కాబట్టి వెంటనే చావడు. కానీ చుట్టూ ఒక్కో గుర్రానికి ఇద్దరు ముగ్గురు కాలిబంట్లు మూగుతారు. కాలిదళంలో మనుషుల సంఖ్య ఎక్కువ, గుర్రపుదళంలో తక్కువ. ఎంతసేపు అక్కడ ఉంటే అంతగా ఆ తేడా నైట్లను తినేస్తుంది. మొదటి పది క్షణాల్లో పడగొట్టిన శత్రువులెందరు, తర్వాతి రెండు నిమిషాల్లో పడగొట్టిందెందరు అని ఒకసారి లెక్కపెట్టుకుంటే, ఖజానాలోంచి పోయిన డబ్బు దేనికి పోయిందో తెలిసిపోతుంది.

## ఒక క్లిక్కా, రెండు క్లిక్కులా

కొత్తవాళ్ల నైట్లు కూలడానికి చాలాసార్లు కారణం వ్యూహం కాదు, మౌస్. గేమ్‌లో శత్రువు మీద ఒకసారి రైట్ క్లిక్ చేస్తే దళం నడకతో కదులుతుంది. రెండుసార్లు క్లిక్ చేస్తే మొదటి అడుగు నుంచే పరుగు. యుద్ధం అనగానే చెయ్యి రెండు క్లిక్కులకే పోతుంది. అది సహజం. అయితే చార్జ్ సరిగ్గా పడాలంటే నైట్లు ఒక వరుసలో ఉండాలి. దూరం నుంచి పరుగెత్తిస్తే ముందున్న గుర్రాలు ముందే పోతాయి, వెనకవి ఎక్కడో ఉంటాయి, వరుస తోకలా సాగిపోతుంది. శత్రువును చేరేసరికి నలుగురైదుగురు మాత్రమే బల్లేలు దించి ఉంటారు. మిగతావాళ్లు ముందువాళ్ల వెనక ఇరుక్కుని ఆగిపోతారు.

ఒకే క్లిక్‌తో పంపితే కథ మారుతుంది. దళం నడుచుకుంటూ దగ్గరికి వెళ్తుంది. నిర్ణీత దూరంలోకి రాగానే ఎవరూ చెప్పకుండానే అడుగు వేగం పెరుగుతుంది, బల్లేలన్నీ ఒక్కసారిగా కిందికి దిగుతాయి, చివరి కొన్ని గజాలు పూర్తి దౌడు. ఆ బల్లేలు దిగడం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. అది కనిపించకపోతే చార్జ్ పడలేదనే అర్థం. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం, కాకపోతే ఇక్కడ నిదానంగా వెళ్లినవాడికే పాలు కూడా దొరుకుతాయి.

ఈ యంత్రాంగం కాస్త పెళుసైనది కూడా. గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గుర్రాలు శత్రువుకు మరీ దగ్గరగా నిలబడి ఉంటే వేగం అందుకోవడానికి చోటుండదు. దళం పక్కకు తిరిగి ఉంటే ముందు ఎదురుగా తిప్పి, వరుస కుదిరేదాకా ఆగి, అప్పుడు ఆర్డర్ ఇవ్వాలి. దారి మధ్యలో సొంత విలుకాళ్లున్నా, చెట్లున్నా, లక్ష్యంగా పెట్టుకున్న దళం పక్కకు జరిగినా వరుస చెదిరి చార్జ్ వట్టి నెట్టుడుగా మారుతుంది. దళాన్ని వెడల్పుగా, రెండు వరుసల మందంలో నిలబెడితే ఒకేసారి ఎక్కువ బల్లేలు తగులుతాయి. గేమ్ ఇచ్చే త్రికోణపు వెడ్జ్ ఆకారం చూడటానికి బాగుంటుంది, తేలిగ్గా మలుపు తిరుగుతుంది, లోపలికి చొచ్చుకుపోవడానికి పనికొస్తుంది. కానీ మొదటి తాకిడికి దాని మొన దగ్గరున్న కొద్దిమందే అందుతారు. గోడలా నిలబడ్డ కాలిదళం మీదికి వెడల్పాటి వరుసే మెరుగు.

ఫోన్ వెర్షన్‌లో ఈ ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. వేలితో చిన్న తెర మీద ఆర్డర్ ఇచ్చేటప్పుడు నడకా పరుగా అన్న తేడా చెయ్యికి తెలియదు. అక్కడైనా కంప్యూటర్‌లో అయినా ఆటను కాసేపు ఆపి, దళాన్ని సర్దుకుని, ఆర్డర్ ఇచ్చి, మళ్లీ నడిపించడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

## ముఖం మీద కాదు, వీపు మీద

గేమ్‌లో రక్షణ ఒకే అంకె కాదు, మూడు ముక్కలు. కవచం, నైపుణ్యం, డాలు. కవచం ఎటు నుంచి కొట్టినా పనిచేస్తుంది. డాలు ముందు నుంచి, ఎడమ నుంచి వచ్చే దెబ్బలనే ఆపుతుంది. నైపుణ్యం ముందు వైపూ కుడి వైపూ పనిచేస్తుంది. వెనక నుంచి వచ్చిన దెబ్బకు మిగిలేది ఒంటి మీద కవచం ఒక్కటే. మిలీషియాకు కవచమే తక్కువ. వాళ్ల బలమంతా డాలులో, ఈటెలో ఉంటుంది. ఎదురుగా గుద్దితే ఆ రెండూ నైట్‌కు అడ్డు, వెనక నుంచి గుద్దితే రెండూ ఎందుకూ కొరగావు. (మొదట్లో వచ్చిన వెర్షన్లలో డాలు రక్షణను పెంచాల్సింది పోయి తగ్గించే లోపం ఒకటి ఉండేది, తర్వాతి ప్యాచ్‌తో సరిచేశారు. పాత వీడియోలు చూసి అప్పటి సలహాలను ఇప్పుడు పాటించేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.)

ఇంతకన్నా ముఖ్యమైనది మనోధైర్యం. మెడీవల్ 2లో సైన్యాలు చివరి మనిషి దాకా చావవు, భయపడి పారిపోతాయి. తోటివాళ్లు వేగంగా చస్తుంటే, పక్కనున్న దళం పారిపోతుంటే, సేనాపతి పడిపోతే, వెనక నుంచి దాడి జరిగితే మనోధైర్యం పడిపోతుంది. భారీ అశ్వదళపు చార్జ్ వెనక నుంచి పడితే వీటిలో రెండు మూడు ఒకే క్షణంలో జరుగుతాయి. అందుకే సగం మంది కూడా చావకముందే దళం మొత్తం తెల్లజెండా ఎత్తి పరుగందుకుంటుంది. దాని పక్క దళం అది చూసి వణుకుతుంది. ఒక్కోసారి ఒక్క తాకిడితో వరుస మొత్తం పేకమేడలా కూలిపోవడానికి కారణం ఇదే.

కమ్మరి కొలిమిలో పని ఎలా సాగుతుందో యుద్ధరంగంలోనూ అలాగే సాగాలి. సుత్తి ఎంత బరువైనదైనా కింద దాగలి లేకపోతే ఇనుము వంగదు. ఈటెగాళ్లు, కత్తివీరులు శత్రువు వరుసను ఎదురుగా పట్టి ఉంచాలి. అది దాగలి. శత్రువు వాళ్లతో తలపడ్డాక, అటు ఇటు తిరగలేని స్థితిలో ఉన్నప్పుడు, అశ్వదళం చుట్టూ తిరిగి వీపు మీద పడాలి. ఆర్డర్ ఇచ్చే సమయం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. కాలిదళాలు ఇంకా తాకకముందే గుర్రాలను పంపితే శత్రువు తిరిగి ఎదుర్కొంటాడు. మరీ ఆలస్యం చేస్తే దాగలే పగిలిపోతుంది. రెండు వరుసలు కలిసి కాస్త కుదురుకున్నాక పంపడం మంచిది.

ఆటలో కంప్యూటర్ కూడా తన గుర్రాలతో ఇదే చేయాలని చూస్తుంది, కానీ ఓపిక తక్కువ. దాని సేనాపతి ఒక్కోసారి సొంత కాలిదళం కన్నా ముందే వచ్చి ఆటగాడి ఈటెల మీద పడతాడు. సేనాపతి అంగరక్షక దళం కూడా భారీ అశ్వదళమే. అతను చస్తే మొత్తం సైన్యం ధైర్యం జారిపోతుంది కాబట్టి, కంప్యూటర్ చేసే ఈ తొందరపాటు పనిని కాచుకుని కూర్చోవడం కూడా ఒక ఎత్తుగడే.

## గుద్ది వెనక్కి లాగడం

ఒక తాకిడి తర్వాత శత్రువు పారిపోకపోతే ఏం చేయాలి? అక్కడే ఉండి కత్తులతో పోరాడనివ్వడం అందరికీ తోచే పని. ఖరీదైన పని కూడా అదే. దళాన్ని వెనక్కి లాగి, సరైన దూరం తీసుకెళ్లి, తిప్పి, వరుస కుదిరాక మళ్లీ పంపితే బల్లేలు మళ్లీ చేతికొస్తాయి. చార్జ్ బోనస్ మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. వెనక్కి లాగేటప్పుడు కొందరు చస్తారు, శత్రువుతో చిక్కుకుపోయిన గుర్రాలు వెనకబడతాయి. ఆ నష్టం భరించాల్సిందే. రెండు దళాలుంటే పని సుళువు. ఒకటి గుద్దుతుండగా రెండోది వెనక్కి వచ్చి సర్దుకుంటుంది. శత్రువుకు ఊపిరి తీసుకునే తీరిక దొరకదు.

ఇలా ఎన్నిసార్లు చేయొచ్చు? అలసట ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు. భారీ కవచం ఉన్న దళాలు త్వరగా అలసిపోతాయి. వేడి ప్రాంతాల్లో ఇది ఇంకా ఎక్కువ. గేమ్ ఫైళ్లలో వేడికి సంబంధించిన అంకె ప్రతి దళానికీ విడిగా ఉంటుంది. ఈజిప్టు, సిరియా వైపు క్రూసేడ్‌కు (క్రైస్తవ మతయుద్ధానికి) వెళ్లిన యూరప్ నైట్లు మూడో చార్జ్ నాటికి రొప్పుతూ ఉంటారు. కాబట్టి మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి ఊరికే పరుగెత్తించడం, పారిపోతున్న తేలికపాటి దళాలను నైట్లతో తరిమించడం అన్నీ తర్వాతి తాకిడిలోంచి దొంగిలించినట్టే. పారిపోయేవాళ్లను పట్టడానికి తేలికపాటి గుర్రాలు చాలు. అవే ఖైదీలను తెస్తాయి. యుద్ధం అయ్యాక ఆ ఖైదీలను వదిలేయాలా, డబ్బు తీసుకుని విడవాలా, చంపాలా అని గేమ్ అడుగుతుంది. ఒక మంచి యుద్ధం తర్వాత వచ్చే ఆ విడుదల సొమ్ము నైట్ల ఖర్చులో కొంత తిరిగి ఇస్తుంది.

కొన్నిసార్లు బల్లెం అవసరమే ఉండదు. కంప్యూటర్‌లో ఆల్ట్ కీ నొక్కి పట్టి ఆర్డర్ ఇస్తే దళం నేరుగా రెండో ఆయుధంతో దిగుతుంది. శత్రువు నైట్లతో చిక్కుకుని ఆగిపోయిన పోరులో, రెండో ఆయుధం గద అయితే, ఇది ఉపయోగపడుతుంది. గద కవచాన్ని చీల్చే రకం ఆయుధం.

## గుర్రం ఆగిపోయే చోట్లు

ఎదురుగా స్థిరంగా నిలబడి ఉన్న ఈటెగాళ్ల మీదికి చార్జ్ చేయడం ఈ గేమ్‌లో ఆత్మహత్యకు దగ్గర పని. ఈటెకు గుర్రం మీద ప్రత్యేక బోనస్ ఉంది. పైకులు అనే చాలా పొడవైన ఈటెలు పట్టుకుని గోడలా నిలబడ్డ దళాల ముందు పరిస్థితి ఇంకా దారుణం. నాలుగు వైపులా ఈటెలు చాపి గుండ్రంగా నిలబడే షిల్ట్రామ్ ఆకారానికి వెనకవైపే ఉండదు కాబట్టి పైన చెప్పిన వీపు లెక్క అక్కడ పనిచేయదు. అలాంటి వాటిని విలుకాళ్లకు వదిలేయడం మేలు. అదే ఈటెగాళ్లు కదులుతూ ఉన్నా, వేరే దళంతో పోరాడుతూ ఉన్నా, ముఖం వేరే వైపుకున్నా వాళ్లూ మామూలు మనుషులే.

ఇంగ్లండ్ లాంగ్‌బౌ (నిలువెత్తు విల్లు) విలుకాళ్లు యుద్ధానికి ముందే తమ ముందు మొనదేలేలా చెక్కిన కర్రలు పాతగలరు. ఆ కర్రల మీదికి వెళ్లిన గుర్రం చస్తుంది. కవచం దాన్ని కాపాడదు. అడవిలో గుర్రాలకు దెబ్బ తీసే బలం తగ్గుతుంది. కోట ముట్టడిలో గుర్రాలు గోడలెక్కలేవు. తలుపు పగిలాక లోపలికి వెళ్లినా సందుల్లో దౌడుకు చోటుండదు. ఇక గుర్రం మీద నుంచే బాణాలు వేసే తుర్కులు, మంగోలులు మరో తలనొప్పి. వాళ్లు దొరకరు. వెంటపడిన నైట్లు అలసిపోయి చెల్లాచెదురవుతారు, అప్పుడు వాళ్లు తిరిగి వస్తారు.

గేమ్‌లోని ఇవన్నీ గాలిలోంచి తీసినవి కావు. 1302 జులై 11న ఫ్లాండర్స్‌లోని (నేటి బెల్జియం) కోర్ట్రై దగ్గర ఫ్రెంచ్ నైట్లు నగరవాసుల కాలిదళం చేతిలో ఓడిపోయారు. నేత పనివాళ్లు, చేతివృత్తులవాళ్లు ఎక్కువగా ఉన్న ఆ సైన్యం వాగులు, కాలువలు ఉన్న నేలను ఎంచుకుని, ఈటెలతో బరువైన దుడ్డుకర్రలతో భుజం భుజం కలిపి నిలబడింది. గుర్రాలకు వేగం అందలేదు. ఫ్రెంచ్ నాయకుడు ఆర్టువా ప్రభువు రాబర్ట్ కూడా చచ్చాడు. నైట్ల మడమలకుండే బంగారు ముళ్లను వందల కొద్దీ పోగుచేసి చర్చిలో వేలాడదీశారు, అందుకే దానికి బంగారు ముళ్ల యుద్ధం అని పేరు. పన్నెండేళ్ల తర్వాత 1314లో స్కాట్లండ్‌లోని బానక్‌బర్న్ దగ్గర షిల్ట్రామ్‌లు ఇంగ్లిష్ నైట్లను ఆపాయి. 1415 అక్టోబర్ 25న ఫ్రాన్స్‌లోని అజింకూర్‌లో ఇంగ్లిష్ సైన్యం ముందు బురద, పాతిన కర్రలు, బాణాలు కలిసి ఫ్రెంచ్ అశ్వదళపు రెక్కలను విరగ్గొట్టాయి.

దీనికి ఎదురు ఉదాహరణ 1191 సెప్టెంబర్ 7న పాలస్తీనా తీరంలోని అర్సూఫ్‌లో జరిగింది. ఈజిప్టు, సిరియాల సుల్తాను సలాదిన్ విలుకాళ్లు క్రూసేడర్ల వరుసను గంటల తరబడి బాణాలతో వేధించారు. ఇంగ్లండ్ రాజు రిచర్డ్ నైట్లను కాలిదళం వెనక ఆపి ఉంచాడు. శత్రువు దగ్గరికి వచ్చి, గుర్రాలు అలసి, తప్పుకోవడానికి చోటు లేనప్పుడు కొట్టాలన్నది అతని ఆలోచన. చివరికి వెనక వరుసలోని హాస్పిటలర్లు (ఒక మతసంఘపు నైట్లు) ఆగలేక ముందే దూకారు. దాంతో రిచర్డ్ మొత్తం దళాన్ని కదిలించాడు. మొదటి చార్జ్ తర్వాత నైట్లను చెల్లాచెదురుగా తరమనివ్వకుండా మళ్లీ వరుసలో నిలబెట్టి మళ్లీ కొట్టించడం అతనికి గెలుపు తెచ్చింది. ఆపి ఉంచడం, దగ్గరయ్యాక కొట్టడం, మళ్లీ సర్దుకోవడం: గేమ్‌లో ఒక క్లిక్, వెనక్కి లాగడం అని చెప్పుకున్నవాటి అసలు రూపం ఇదే. హాస్పిటలర్ల తొందర చూస్తే రెండు క్లిక్కుల జబ్బు ఈనాటిది కాదనిపిస్తుంది.

## దాణా ఖర్చు

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. 1080 నుంచి 1530 వరకు సాగే ఈ గేమ్ క్యాంపెయిన్‌లో ప్రతి దళానికీ మొదటి ఖరీదు కాకుండా ప్రతి టర్న్‌లోనూ (ఆటగాడి వంతులోనూ) పోషణ ఖర్చుంటుంది. నైట్లు యుద్ధం చేసినా, చేయక కోటలో కూర్చున్నా ఆ ఖర్చు పోతూనే ఉంటుంది. నగరాల్లో కొన్ని మిలీషియా దళాలను పోషణ ఖర్చు లేకుండా ఉంచుకునే వీలుంది, నైట్లకు ఆ సౌకర్యం ఉండదు.

ఇంకో చిక్కు, ఊరు నగరమా కోటా అన్నది. నగరాలు పన్నులిస్తాయి, వ్యాపారం చేస్తాయి. మంచి నైట్లను ఇచ్చేవి కోటలు, అదీ గుర్రపుశాలలను అంచెలంచెలుగా పెంచుకుంటూ పోతేనే. కోట ఆదాయం నగరంతో పోలిస్తే తక్కువ. కాబట్టి నైట్ల సైన్యం కావాలనుకున్నవాడు అప్పటికే కొంత ఆదాయం వదులుకున్నట్టు. పైగా కోటలో కొత్త నైట్లు టర్న్‌కు ఇంత అని నెమ్మదిగా దొరుకుతారు. యుద్ధంలో సగమైన దళాన్ని నింపుకోవాలంటే ఆ రకం గుర్రపుశాల ఉన్న చోటికి తిరిగి వెళ్లాలి. సరిహద్దు నుంచి కోటకు అయిదారు టర్న్‌ల ప్రయాణమైతే, ఒక్క పిచ్చి చార్జ్ ఆ సైన్యాన్ని పది టర్న్‌లు ఆటలో లేకుండా చేస్తుంది. యుద్ధంలో చచ్చిన నైట్ల అసలు ఖరీదు ఇందులో కనిపిస్తుంది.

సేనాపతి అంగరక్షకులకు మాత్రం ఈ బాధ లేదు. వాళ్లు కాలక్రమంలో తమంతట తామే నిండుతారు. అందుకే ఆట మొదట్లో, డబ్బు లేనప్పుడు, రాజకుటుంబంలోని ఇద్దరు ముగ్గురిని ఒకే సైన్యంలో పెట్టి వాళ్లనే నైట్లుగా వాడే ఆటగాళ్లు చాలామంది. ఇది బాగా పనిచేసే ఎత్తు. వారసుడు ఈటెల మీద పడి చచ్చేవరకు.

## చార్జ్ లేని ఆటలో నైట్

ఇదే నైట్ 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో వేరే జీవి. 1999లో వచ్చి, 2019లో డెఫినిటివ్ ఎడిషన్‌గా కొత్త బట్టలు తొడుక్కున్న ఈ గేమ్‌లో మామూలు నైట్‌కు చార్జ్ బోనస్ లేదు. ఎంత దూరం నుంచి పరుగెత్తి వచ్చినా మొదటి దెబ్బా పదో దెబ్బా ఒకటే. (2021లో చేర్చిన బర్గండియన్ల ప్రత్యేక రౌతు కూస్టిలియర్‌కు మాత్రం చార్జ్ దెబ్బ ఉంది, అది మినహాయింపు.) వీపు, ముఖం అన్న తేడా లేదు, భయపడి పారిపోవడం లేదు. మెడీవల్ 2 అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడ వెనక్కి లాగి మళ్లీ గుద్దుతుంటే తమ సమయాన్ని తామే వృథా చేసుకుంటారు.

ఇక్కడ లెక్క అంకగణితం. నైట్ ఖరీదు 60 ఆహారం, 75 బంగారం. ప్రాణం 100, దాడి 10, కవచం 2. పైక్ పట్టే కాలిబంటు పైక్‌మాన్ ఖరీదు 35 ఆహారం, 25 కలప. ప్రాణం 55, దాడి 4, గుర్రాల మీద అదనంగా 22. ఏ అప్‌గ్రేడూ లేకుండా ఇద్దరూ తలపడితే పైక్‌మాన్ దెబ్బకు 24 పోతుంది, అంటే నైట్ అయిదు దెబ్బలకు పడతాడు. పైక్‌మాన్ ఆరు దెబ్బలకు పడతాడు. అయినా నైటే గెలుస్తాడు. ఎందుకంటే నైట్ 1.8 సెకన్లకో దెబ్బ వేస్తే పైక్‌మాన్ 3 సెకన్లకో దెబ్బ వేస్తాడు. కాగితం మీద నైట్ ఆరో దెబ్బ 9వ సెకనుకు పడుతుంది, పైక్ అయిదో దెబ్బ 12వ సెకనుకు.

మరి పైక్ గుర్రాలకు విరుగుడు ఎలా అయింది? ధర వల్ల. ఒక నైట్ డబ్బుతో ఇద్దరు పైక్‌మెన్ వస్తారు, ఇంకా కాస్త మిగులుతుంది, పైగా బంగారం అక్కర్లేదు. ఇద్దరు కలిసి కొడితే మూడో జత దెబ్బలకు, అంటే 6వ సెకనుకే నైట్ పడిపోతాడు. అప్పటికి అతను ఒక్కరినీ చంపి ఉండడు. రెండు గేమ్‌ల తేడా ఇక్కడ తేటగా కనిపిస్తుంది. మెడీవల్ 2లో ఈటెను వీపు వైపు నుంచి జయించవచ్చు. ఇక్కడ ఏ దిక్కు నుంచి వచ్చినా ఫలితం అదే.

నైట్ బలం ఇక్కడ పోరులో కన్నా కాళ్లలో ఉంది. పైక్‌మాన్ అతన్ని పట్టుకోలేడు. పైకులు ఉన్న చోట ఆగకుండా, లేని చోటికి వెళ్లి బంగారు గని దగ్గరి పనివాళ్లను కొట్టి, పైకులు వచ్చేలోపు జారుకోవడం అతని అసలు ఉద్యోగం. విలుకాళ్ల మీద అతని బలం మాత్రం కవచం మీద ఆధారపడుతుంది. రెండు అప్‌గ్రేడ్లున్న క్రాస్‌బో (మీట నొక్కి వదిలే విల్లు) బాణం దెబ్బ 7. కవచం అప్‌గ్రేడ్లు చేయించని నైట్‌కు అందులో 5 తగులుతుంది, 20 బాణాలకు పోతాడు. రెండు కవచాలు చేయించుకున్న నైట్‌కు తగిలేది 3, పడగొట్టడానికి 34 బాణాలు కావాలి. నైట్ల సంఖ్య పెంచుకుంటూ కమ్మరిశాలను మరిచిపోయే ఆటగాళ్లకు ఈ రెండు అంకెలు చాలు.

దాణా లెక్క ఇక్కడా ఉంది, రూపం వేరు. ఒక గుర్రపుశాల 30 సెకన్లకో నైట్‌ను తయారుచేస్తుంది. అంటే సెకనుకు 2 ఆహారం, 2.5 బంగారం ఆగకుండా కావాలి. ఒక్క శాల నడవడానికే పన్నెండు మందికి పైగా పనివాళ్లు పొలాల్లో, గనిలో ఉండాలి. మూడు శాలలు కట్టి రెండింటిని ఖాళీగా ఉంచడం కొత్తవాళ్లలో తరచూ కనిపిస్తుంది.

## అశ్వపతి పక్షాన ఎవరూ లేరు

మెడీవల్ 2 మ్యాప్‌లో భారతదేశం లేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఉంది. మెడీవల్ 2 ఫోన్లకు వచ్చిన 2022 ఏప్రిల్ నెలలోనే 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అనే చేర్పుతో పాత ఒక్క ఇండియన్ జాతి స్థానంలో హిందుస్తానీలు, గుర్జరులు, ద్రావిడులు, బెంగాలీలు వచ్చారు. నలుగురిలో ఎవరికీ నైట్ లేడు. హిందుస్తానీలు, గుర్జరులు ఒంటెల మీద ఆధారపడితే, ద్రావిడులకూ బెంగాలీలకూ యుద్ధపుటేనుగులున్నాయి. రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ ఆడుతూ నైట్ల కోసం వెతికే తెలుగు, తమిళ ఆటగాళ్లకు గుర్రపుశాలలో దొరికేది తేలికపాటి గుర్రమూ ఏనుగూ.

ఆట సమతూకం కోసం ఇలా చేశారని తేలిగ్గా అనేయొచ్చు. దక్కన్ చరిత్రకు మాత్రం ఇది మరీ దూరం కాదు. మన పాత సంప్రదాయం దేశంలోని రాజ్యాలను అశ్వపతి, గజపతి, నరపతి అని మూడుగా చెప్పింది. ఢిల్లీ సుల్తాను గుర్రాలకు, ఒడిశా రాజు ఏనుగులకు, విజయనగర రాయలు కాలిబంట్లకు అధిపతులు. ఎవరి బలం దేనిలో ఉందో ఆ పేర్లే చెబుతాయి. దక్షిణాన మంచి యుద్ధపు గుర్రాలు పెరగడం కష్టం. పర్షియా, అరేబియా నుంచి ఓడల్లో పడమటి తీరానికి దించుకోవాల్సిందే. 1510లో గోవా చేజిక్కించుకున్న పోర్చుగీసులకు విజయనగరంతో బేరమాడే బలం ఆ గుర్రాల వ్యాపారం నుంచే వచ్చింది. రాయలు ఏటా పర్షియా సింధుశాఖ దగ్గరి హొర్ముజ్ రేవు నుంచి 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ 16వ శతాబ్దంలో రాశాడు.

ఈ రెండు గేమ్‌లలో దేనిలోనూ గుర్రాన్ని కొనక్కర్లేదు. శాల కట్టి, మీట నొక్కితే రౌతుతో సహా బయటికొస్తుంది. ఓడ మునిగితే, తీరం శత్రువు చేతిలో పడితే, వర్తకుడు ధర పెంచితే ఏమవుతుందన్న లెక్క, నరపతులు నిజంగా మోసిన లెక్క, ఇంకా ఏ గుర్రపుశాల బటన్ వెనకా చేరలేదు.